నర్సింగం మెచ్చిన కట్టె

దసరా పొద్దున భివండి నార్పోలిలో ఊరి బస్సు ఆగే చోట నర్సింగం ఖాళీ చేతులతో నిలబడ్డాడు. చూసినవాళ్ళెవరూ నమ్మలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆ రోజు ఆ మనిషి భుజాన ఒక గోనెసంచి ఉండేది, దాని నిండా జమ్మి ఆకు ఉండేది. మరమగ్గాల షెడ్లలో పండగనాడు కూడా సెలవు దొరకని మనవాళ్ళంతా సాయంత్రం ఆ సంచి చుట్టూ మూగి తలా గుప్పెడు పట్టుకుపోయేవారు.

ఆ జమ్మి రావడమే ఒక తతంగం. తెలంగాణలో నర్సింగం ఊరు ఎర్రగుంటపల్లెలో అతని పెదనాన్న కొడుకు కనుకయ్య ఒకరోజు ముందే కొమ్మలు కోసి, తడి గుడ్డ చుట్టి, సంచిలో కుక్కి, భివండి బస్సు డిక్కీలో వేసేవాడు. ఊళ్ళో జనం దసరా సాయంత్రం బంగారమని కోసుకునే జమ్మిని భివండి కోసం ముందురోజే కోయడం శాస్త్రమా కాదా అని ఎవరూ అడగలేదు. కడుపు చేతపట్టుకొని వచ్చినవాళ్ళకు పంచాంగం కాస్త సర్దుకుపోవాలి మరి. ఇక్కడి మరాఠీ వాళ్ళు ఆప్టా ఆకును బంగారమని చేతిలో పెడతారు. మనవాళ్ళు దాన్ని కళ్ళకద్దుకొని తీసుకుంటారు గానీ, ఇంటికొచ్చి జమ్మి అందుకుంటే తప్ప వాళ్ళకు దసరా అయినట్టు ఉండదు.

ఈసారి డ్రైవరు డిక్కీ తెరిచి చూపించాడు. బియ్యం మూటలున్నాయి, పచ్చడి డబ్బాలున్నాయి, సంచి లేదు. నర్సింగం అక్కడే నిలబడి ఫోన్ కలిపాడు.

"అన్నా, సంచి రాలే. మర్చినవా ఏంది?"

అవతలి నుంచి కనుకయ్య "జమ్మి లేదు తమ్మీ" అన్నాడు.

"ఆకు రాలిందా?"

"ఆకు గాదురా. చెట్లే లేవు. జమ్మిగడ్డ మీద పందొమ్మిది చెట్లుండె. ఒక్కటంటె ఒక్కటి లేదు."

నర్సింగం నవ్వాడు. పొద్దున్నే కల్లు పట్టించి మాట్లాడుతున్నాడు అన్న అనుకున్నాడు. ఫోన్‌లో ఫోటో వచ్చింది. ఎర్ర మట్టిలో మొద్దులు, పైన కత్తితో జున్ను కోసినంత నున్నగా ఉన్నాయి. గొడ్డలి అలా కోయదు, మిషనే కోస్తుంది. ఆ మొద్దుల వెనకాల జమ్మిగడ్డ మీద కట్టిన చిన్న గద్దెను గుర్తుపట్టాక అతని నవ్వు ఆగిపోయింది.

"ఎవలన్నా? ఎవలు కొట్టిండ్రు?"

"సర్కారు తుమ్మ కొట్టెతందుకు వచ్చినోళ్ళే" అన్నాడు కనుకయ్య. "నువ్వు పంపినోళ్ళే."

నర్సింగం బస్సు చక్రం పక్కనే కూలబడ్డాడు.  అవును, వాళ్ళను పంపింది తనే.

నర్సింగం పంతొమ్మిదేళ్ళకు భివండి వచ్చాడు. ఊళ్ళో గుంట భూమి లేదు, అమ్మ కూలికి పోయేది. నాలుగేళ్ళు మగ్గం నడిపాడు. చెవుల్లో ఆ టకటక రాత్రిళ్ళు కూడా ఆగకపోతే, గోవిందరాజులు సేటు సైజింగులో చేరాడు. సైజింగంటే మగ్గానికి ఎక్కే ముందు పడుగు నూలుకు గంజి పట్టించి ఆవిరి మీద ఆరబెట్టే కార్ఖానా. ఆవిరికి బాయిలర్ కావాలి, బాయిలర్‌కు మంట కావాలి, మంటకు నర్సింగం కావాలి. కూలీగా చేరినవాడు అయిదేళ్ళు తిరిగేసరికి ఫైర్‌మన్ అయ్యాడు. పెళ్ళాం ఐలవ్వ ఇంట్లో కండెలు చుడుతుంది. కూతురు లత మరాఠీలో కాలేజీ చదువు చదువుతోంది.

చేతికి అబ్బిన విద్య ఎవరికైనా కాస్త పొగరిస్తుంది, నర్సింగానికి ఇంకాస్త ఎక్కువిచ్చింది. కళ్ళు మూసుకొని పొగ పీల్చి ఇది మామిడి, ఇది చింత, ఇది సుబాబుల్ అని చెప్పేవాడు. పక్క సైజింగుల వాళ్ళు కొత్త కట్టె దింపితే ఒక చెక్క పట్టుకొచ్చి అతనికి చూపించేవారు. అతను పొయ్యిలో వేసి, పొగ చూసి, బూడిద వేళ్ళ మధ్య నలిపి, "తీసుకోండ్రి" అంటే తీసుకునేవారు, పెదవి విరిస్తే లారీని వెనక్కి పంపేవారు. అతని మాట అక్కడ సర్కారు ముద్ర కంటే ఎక్కువ చెల్లేది.

మధ్యలో కట్టె కరువైన కాలంలో బొగ్గు కాల్చారు. బొగ్గు పిరమై కొనలేకపోతే బట్ట పీలికలు, చెప్పుల అడుగులు, ప్లాస్టిక్ ఏది దొరికితే అది కాల్చారు. నర్సింగం ఉమ్మేస్తే నల్లగా పడేది. ఆరబెట్టిన బట్టల మీద మసి పడుతోందని చుట్టుపక్కల ఆడవాళ్ళు శాపనార్థాలు పెట్టేవారు. పొయ్యి ముందు నిలబడేవాడు తనే కాబట్టి ఆ శాపాలన్నీ తనకే తగులుతున్నాయని ఐలవ్వ ఏడ్చేది.

రెండేళ్ళ కింద సేటు కొడుకు అభిషేక్ కొత్త కబురు తెచ్చాడు. మన నూలుతో నేసిన బట్ట కొనే విదేశీ కంపెనీకి ఇక బొగ్గు పొగ పనికిరాదట. సర్కారు తుమ్మలాంటి పనికిమాలిన చెట్లను తునకలు చేసి కాలిస్తే అది హరిత ఇంధనమట. అభిషేక్ అరచేయి మీద గీసి మరీ చెప్పాడు. "చూడు నర్సింగం, చెట్టు పెరిగేటప్పుడు పీల్చిన పొగే కాలితే బయటికి వస్తది. మళ్ళ ఇంకో చెట్టు మొలిచి దాన్ని పీలుస్తది. అంటే మనం చేసిన పొగ సున్న." పచ్చాకు బొమ్మ ఉన్న సర్టిఫికెట్ ఒకటి బాయిలర్ గది గోడకెక్కింది. నర్సింగానికి లెక్క పూర్తిగా అర్థం కాలేదు గానీ, దగ్గు తగ్గిన సంగతి మాత్రం అర్థమైంది. ఆడవాళ్ళు తిట్టడం మానేశారు. తన పని వల్ల లోకానికి మేలు జరుగుతోందని బతుకులో మొదటిసారి ఎవరో చెప్పారు, ఆ మాట అతనికి బాగా నచ్చింది.

కట్టె తెచ్చే ఠేకేదారు ఓంప్రకాష్ ఒకరోజు టీ తాగుతూ, సర్కారు తుమ్మ ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. నర్సింగం ఛాతీ ఉబ్బింది. మా ఊరి చెరువు నిండా అదే, నీళ్ళు నిలవనియ్యడం లేదు, గొర్రెల కాళ్ళు చీరుతోంది, ఎవరైనా పీకేస్తే దండం పెడతారని చెప్పాడు. హైదరాబాదులో సరుకు దింపిన, పక్కనున్న కాల్హేర్ గోదాముల లారీలు ఖాళీగానే తిరిగొస్తాయి కదా, వాటిలో వేసుకురావచ్చని ఉపాయం కూడా అతనే చెప్పాడు. ఓంప్రకాష్ మనుషులు ఎక్కడినుంచో వచ్చినవాళ్ళు, వాళ్ళకు తుమ్మ ఎలా తెలుస్తుందంటే ఫోన్‌లో గుర్తులు చెప్పింది కూడా అతనే. "సన్న ఆకు ఉంటది, కొమ్మకు ముల్లుంటది. గసొంటిది ఎక్కడ కనబడ్డా కొట్టుండ్రి, ఎవ్వలడగరు."

జమ్మికి కూడా ఆకు సన్నమే, కొమ్మకు ముల్లే. ఆ ఊరి పసిపిల్లవాడికి కూడా రెండింటికీ తేడా తెలుసు కనుక, తేడా చెప్పాలని నర్సింగానికి తట్టనే లేదు. నీళ్ళు తడిగా ఉంటాయని ఎవరైనా ఎవరికైనా చెబుతారా?

మొదటి లోడులో తుమ్మ తునకల మధ్య వేరే కట్టె కొంత కలిసి వచ్చింది. అది పొయ్యిలో పడగానే ఆవిరి మీటరు ముల్లు సర్రున లేచింది. పొగ లేదు, మసి లేదు, సగం కట్టెకే నిండు ఆవిరి వచ్చింది. నర్సింగం పొంగిపోయాడు. ఆ వాసన ఏ చెట్టుదో మాత్రం తెలియలేదు. ఎలా తెలుస్తుంది? జమ్మిని పొయ్యిలో పెట్టకూడదని వాళ్ళమ్మ చిన్నప్పుడు చెంప మీద కొట్టి మరీ చెప్పింది. ఆ ఊళ్ళో తరతరాలుగా జమ్మి పుల్లను పొయ్యిలో పెట్టినవాడు లేడు, కాబట్టి జమ్మి పొగ ఎలా ఉంటుందో తెలిసినవాడూ లేడు. నర్సింగం ఆ తునకను ఓంప్రకాష్ చేతిలో పెట్టి, "గీ కట్టె తెప్పియ్యి భాయ్. గిదే కావాలె. బంగారం లెక్క మండుతున్నది" అన్నాడు.

బంగారం అన్న మాట కూడా అన్నాడు పాపం. నోటికి అదే వచ్చింది.

రెండో లోడు శ్రావణంలో వచ్చింది. మొత్తం అదే కట్టె. పదిరోజులు దాన్ని మురిసిపోతూ, ముద్దు చేస్తూ, పార నిండా ఎత్తి పొయ్యిలో వేశాడు.

"మరి మీరేం జేసిండ్రన్నా?" బస్సు పక్కన కూర్చునే కనుకయ్య మీద అరిచాడు. "కండ్లు మూసుకున్నరా? శ్రావణంల కొడితె ఇయ్యాల చెప్తున్నవా?"

"ఎవలు చూసిండ్రురా?" అన్నాడు కనుకయ్య. "దసరానాడు తప్ప జమ్మిగడ్డకు ఎవలు పోతరు చెప్పు. నిన్న ఆకు కోద్దామని పోతె తెలిసింది. నీకు ఎట్ల చెప్పాలెనో తోచలే."

అదీ నిజమే. ఏడాదికొకసారి చెట్టు చుట్టూ తిరిగి మొక్కి, కౌగిలించుకొని, మిగిలిన మూడు వందల అరవై నాలుగు రోజులు అటు తొంగి కూడా చూడని భక్తి మనది. దేవుడని పేరు పెట్టాక ఇక చూసుకునే పని దేవుడిదే అనుకుంటాం.

"పోయినయి పోయినయి, ఇను" అన్నాడు కనుకయ్య. "పక్కూరు లింగంపేట గుట్ట మీద ఇంక ఇరవై దాకా ఉన్నయి. పోయిన వారం మిషిన్లోళ్ళు ఆడ డేరా ఏసిండ్రట, పండుగ ఎల్లినంక కొడుతరట. నిన్న మేం ఫోన్ల అడిగితె ముండ్ల చెట్లు తియ్యనీకి పంచాయితి కాయితం ఉన్నదంటున్నరు. ఇంక అడిగితె నీ పేరు చెప్తున్నరు. అవ్వన్న ఆపు తమ్మీ. చుట్టుపక్కల నాలుగూర్లకు ఇంక గవ్వే దిక్కు. కరువు వచ్చిననాడు అన్నీ ఎండినా జమ్మి ఒక్కటే పచ్చగుంటది, దాని రొట్ట తినే మేకలు బతికినయి. ఎండలు ఏటేటికి ఎట్ల ముదురుతున్నయో నీకు తెలువదా?"

నర్సింగం లేచాడు. ఇంటికి పోలేదు, చాయ్ తాగలేదు, నేరుగా సైజింగుకు నడిచాడు. ఇరవై చెట్లు ఇంకా నిలబడే ఉన్నాయి. తన నోటితో పోయేవి తన నోటితోనే ఆగాలి.

సైజింగులో పూజ జరుగుతోంది. చల్లారిన బాయిలర్‌కు బంతిపూల దండ వేసి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. గోవిందరాజులు సేటు పట్టు పంచెలో ఉన్నాడు. డెబ్భై దాటిన మనిషి. ఏటా నర్సింగం ఇచ్చే జమ్మిని బీరువాలో పెట్టి మళ్ళీ దసరా దాకా దాచుకుంటాడు.

"ఏది నర్సింగం, బంగారం?" అని చేయి చాపాడు.

నర్సింగం ఒక్క గుక్కలో అంతా చెప్పాడు. తప్పు ఓంప్రకాష్ మీదికి తోయలేదు. గుర్తులు చెప్పింది నేనే, మెచ్చింది నేనే, తగలబెట్టింది నేనే అన్నాడు.

సేటు చాపిన చేయి వెనక్కి తీసుకున్నాడు. నూలు బేలు మీద మెల్లగా కూర్చున్నాడు. "మన బాయిలర్లనా? జమ్మినా?" అని రెండుసార్లు అడిగాడు.  సేటమ్మ మనోరమ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అభిషేక్ మాత్రం ఫోన్‌లో కాగితం తీసి, "ఇందులో తుమ్మ అనే ఉంది నానా, మనం కాయితం ప్రకారమే చేసినం" అన్నాడు. 

అప్పుడు పూజ చేయిస్తున్న పంతులుగారు గొంతు సవరించుకున్నారు. జమ్మి సమిధే కదా, హోమంలో వేసేదే కదా, అగ్నికి అర్పించినట్టే అయింది, తెలియక చేసినా పుణ్యమే అన్నారు. సేటు ముఖంలోకి మెల్లగా రక్తం తిరిగొచ్చింది. ఉన్నవాళ్ళ పాపాన్ని కడగడానికి శాస్త్రం ఎంత చురుగ్గా పరిగెత్తుకొస్తుందో చూస్తే నర్సింగానికి ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళలో సేటు మాటకు ఎదురాడనివాడు నోరు తెరిచాడు.

"హోమంల పుల్ల ఏస్తరు పంతులుగారూ. చెట్టును ఎయ్యరు. ఊరి చెట్లన్నీ అసలే ఎయ్యరు."

 సేటు తల దించుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. "సరె. నాకు గా కట్టె వద్దు" అన్నాడు. "ఓంప్రకాష్‌కు ఫోన్ చెయ్యి. ఆ ఇరవై చెట్లు ముట్టద్దని నేను చెప్పిన్నని చెప్పు."

నర్సింగానికి ప్రాణం లేచొచ్చింది. అక్కడే అందరి ముందు ఫోన్ కలిపాడు.

"అరే నర్సింగ్ భాయ్! దసరా కీ శుభకామ్నా!" ఓంప్రకాష్ గొంతు పండగలా ఉంది.

నర్సింగం తనకొచ్చిన హిందీలో చెప్పాడు. అది తుమ్మ కాదు, మేం మొక్కే చెట్టు, లింగంపేట గుట్ట మీదివి ముట్టుకోవద్దు, సేటు కూడా వద్దంటున్నాడు. ఓంప్రకాష్ ఓపికగా విన్నాడు. అతని గొంతులోనూ నిజమైన ఆశ్చర్యమే ఉంది.

"మొక్కే చెట్టా? ముందే చెప్పొద్దా భాయ్? మాకు ముల్లున్నదల్లా బబూలే, మీ తుమ్మే. అయినా మీ సేటు వద్దంటే వద్దు, టెన్షన్ నై లేనేకా. ఆ మాల్ మీ సేటుకు కాదు. భివండిలో ఇప్పుడు పన్నెండు సైజింగులు అదే కట్టె అడుగుతున్నాయి."

"పన్నెండా? వాళ్ళకెట్ల తెలిసింది?"

"నేనే చెప్పాను. వేరే ఏం చెప్పక్కర్లేదు కదా. 'నర్సింగ్ నే పాస్ కియా' అంటే చాలు, శాంపిల్ కూడా చూడకుండా దింపుకుంటున్నారు. నీ పేరుకు అంత ఇజ్జత్ ఉంది." ఓంప్రకాష్ గర్వంగా నవ్వి, తర్వాత కాస్త ఆగాడు. "ఇంకోటి భాయ్. ఆ గుట్ట మీదివి పండగ తర్వాత అనుకున్నాం గానీ లారీ ముందే దొరికింది. నాలుగు రోజుల కిందే కొట్టేశాం. పొద్దున ఇక్కడే, భివండిలో కనేరి సైజింగులో దిగింది."

ఫోన్ చెవి దగ్గరే ఉంది. నర్సింగం వినడం మానేశాడు. ఇన్నేళ్ళు పొగ మింగి, కళ్ళు కాల్చుకొని సంపాదించిన పేరు ఒకటే ఒకటి ఉంది. ఆ పేరే ఇప్పుడు గొడ్డలిలా ఊళ్ళు తిరుగుతోంది. తను పొయ్యి ఆర్పినా అది ఆగదు. తను చచ్చినా ఆగదేమో. సేటు ఏదో అడుగుతున్నాడు, మనోరమ మంచినీళ్ళు తెమ్మంటోంది. అతను గుమ్మం దాటి రోడ్డెక్కి ఆటో ఆపాడు.

కనేరి సైజింగులో ఫైర్‌మన్ అంకుశం. లింగంపేటవాడే. పదేళ్ళ కింద నర్సింగం చేతి కిందే పార పట్టడం నేర్చుకున్నాడు. వాళ్ళ సేటుకు తొందర ఆర్డరుందని పండగనాడు కూడా బాయిలర్ నడుస్తోంది. ఆవరణలో కొత్త తునకల కుప్ప మనిషెత్తున ఉంది. అప్పటికే ఒక పక్క సగం తరిగిపోయింది.

నర్సింగాన్ని చూడగానే అంకుశం మొహం విప్పారింది. పొయ్యి తలుపు తెరిచి ఉంది, చెమటతో మెరిసిపోతున్నాడు.

"నర్సన్నా! నిన్నే అనుకుంటున్న. ఏం కట్టెనే ఇది! పొగనే లేదు. నీ పేరు చెప్పి దింపిండ్రు, నువ్వు చెప్పినవంటె ఇంక మాటేంది." పార గోడకు ఆనించి, రెండు చేతులూ లుంగీకి తుడుచుకున్నాడు. "బంగారం తెచ్చినవా అన్నా? ఇటియ్యి, నీ చేతుల పెట్టి కాళ్ళు మొక్కుత."

వంగబోతున్నవాడిని చూసి నర్సింగం రెండడుగులు వెనక్కి వేశాడు. 

"పొయిల ఉన్నది" అన్నాడు.

"ఏంది?"

"బంగారం. మీ గుట్ట మీదిదే, లింగంపేటది. నువ్వు పొద్దుగాల్నుంచి ఏస్తున్నది అదే. నేనే కొట్టిచ్చిన."

నర్సన్న ఎప్పుడూ ఆటపట్టించే మనిషి కనుక అంకుశం పెద్దగా నవ్వాడు. నర్సింగం నవ్వలేదు. అంకుశం అతని మొహంలోకి చూశాడు, కుప్ప వంక చూశాడు, మళ్ళీ మొహంలోకి చూశాడు. నవ్వు సగంలో తెగిపోయింది. వంగి ఒక తునక తీసుకొని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వాడికి కూడా ఆ వాసన తెలియదు.

"ఎన్నున్నయన్నా ఇంక? ఆడ?" అన్నాడు.

"లేవు" అన్నాడు నర్సింగం.

లోపల మిషన్ దగ్గర్నుంచి మేనేజరు ఆవిరి తగ్గుతోందని, కట్టె వెయ్యమని హిందీలో కేకేశాడు. మళ్ళీ ఒకసారి కేకేశాడు. పార గోడకే ఆని ఉంది. ఇద్దరిలో ఎవరూ దాన్ని ఎత్తలేదు.